మేడ్చల్ రైల్వే స్టేషన్: లోకల్ రైలు వచ్చింది, శామీర్‌పేట్‌కు ఇంకా పట్టా లేదు

హైదరాబాద్, సికింద్రాబాద్ జంట నగరాలకు ఉత్తరాన, 44వ నంబర్ జాతీయ రహదారి పక్కన ఉన్న ఊరు మేడ్చల్. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాకు ఈ ఊరి పేరే పెట్టారు. ఇక్కడి రైల్వే స్టేషన్ దక్షిణ మధ్య రైల్వేలోని హైదరాబాద్ డివిజన్ కిందకు వస్తుంది. సికింద్రాబాద్ నుంచి వచ్చే ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లకు ఉత్తరం వైపు ఇదే చివరి స్టేషన్. సికింద్రాబాద్ నుంచి దూరం సుమారు 28 కిలోమీటర్లు.

నిజాం కాలం నాటి దారి

ఈ లైన్ కొత్తదేమీ కాదు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1900 ప్రాంతంలో, హైదరాబాద్ నుంచి మన్మాడ్ వరకు హైదరాబాద్-గోదావరి వ్యాలీ రైల్వే పేరుతో మీటర్ గేజ్ లైన్ వేశారు. నిజామాబాద్, నాందేడ్, పర్భణీ, ఔరంగాబాద్ ఊళ్లను రాజధానితో కలిపింది ఈ దారే. మరాఠ్వాడాలో చుట్టాలున్న ఎన్నో కుటుంబాలకు ఇప్పటికీ ఇదే రాకపోకల దారి. 2000 తర్వాత తొలి ఏళ్లలో సికింద్రాబాద్-ముద్ఖేడ్ మధ్య మీటర్ గేజ్ తీసేసి బ్రాడ్ గేజ్ చేశారు. అజంతా, దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లు ఈ దారిలోనే నడుస్తాయి. అయితే ప్రతి ఎక్స్‌ప్రెస్ మేడ్చల్‌లో ఆగదు. టికెట్ తీసుకునే ముందే హాల్ట్ ఉందో లేదో చూసుకోవాలి.

ఎంఎంటీఎస్ ఎలా వచ్చింది

జంట నగరాల్లో ఎంఎంటీఎస్ మొదటి దశ 2003 ఆగస్టు 9న మొదలైంది. అప్పట్లో లింగంపల్లి, హైదరాబాద్, సికింద్రాబాద్, ఫలక్‌నుమా మధ్యే రైళ్లు తిరిగాయి. 2012-13లో మంజూరైన రెండో దశలో సికింద్రాబాద్-బొల్లారం మధ్య విద్యుదీకరణ, బొల్లారం-మేడ్చల్ మధ్య సుమారు 14 కిలోమీటర్ల రెండో లైన్ పనులు చేర్చారు. ఖర్చులో మూడింట రెండు వంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే భరించాలన్నది ఒప్పందం. రాష్ట్ర వాటా సకాలంలో రావడం లేదని రైల్వే చెబుతూ వచ్చింది, పనులు ఏళ్ల తరబడి సాగాయి. చివరికి 2023 ఏప్రిల్ 8న ప్రధాని నరేంద్ర మోదీ సికింద్రాబాద్‌లో 13 కొత్త ఎంఎంటీఎస్ సర్వీసులు ప్రారంభించారు. మేడ్చల్‌కు లోకల్ రైలు అలా వచ్చింది.

దారిలో స్టేషన్లు

సికింద్రాబాద్ దాటాక మల్కాజిగిరి, దయానంద్ నగర్, సఫిల్‌గూడ, రామకృష్ణాపురం, అమ్ముగూడ, కావల్రీ బ్యారక్స్, అల్వాల్, బొల్లారం బజార్, బొల్లారం, గుండ్లపోచంపల్లి, గౌడవెల్లి మీదుగా మేడ్చల్ చేరుకుంటారు. పాతబస్తీకి వెళ్లేవాళ్లు సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా వైపు రైలు మారొచ్చు. ఆ లైన్‌లో కాచిగూడ, మలక్‌పేట్, దబీర్‌పురా, యాకుత్‌పురా, ఉప్పుగూడ స్టేషన్లున్నాయి. రంజాన్ షాపింగ్‌కైనా, పెళ్లి బట్టలకైనా, ట్రాఫిక్‌లో ఇరుక్కోకుండా వెళ్లే దారి ఇది.

ఖర్చు లెక్క

ఎంఎంటీఎస్‌లో కనీస చార్జీ 5 రూపాయలు. రోజూ డ్యూటీకి వెళ్లేవాళ్లకు నెల పాసు, మూడు నెలల పాసు ఉన్నాయి. 5 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు, 5 నుంచి 12 ఏళ్ల లోపు వాళ్లకు సగం టికెట్. లోకల్ టికెట్‌తో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే జరిమానా పడుతుంది. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం. అందుకే చాలా ఇళ్లలో అమ్మ, చెల్లి బస్సులో, నాన్న, అన్న రైల్లో అన్నట్టు లెక్క నడుస్తుంది.

అసలు ఇబ్బంది

చార్జీ తక్కువే, పట్టాలు ఉన్నాయి, కరెంటు ఉంది. లేనిది సరిపడా రైళ్లు. ఒక రైలు తప్పితే తర్వాతి దానికి చాలాసేపు ఆగాలి. షిఫ్ట్ డ్యూటీ చేసేవాళ్లు, కాలేజీ పిల్లలు, ఆసుపత్రికి వెళ్లే పెద్దవాళ్లు టైం మీద నమ్మకం లేక బస్సు, ఆటో వైపు మళ్లుతున్నారు. జనం ఎక్కడం లేదని రైళ్లు పెంచకపోతే, రైళ్లు లేవని జనం ఎక్కరు. ఈ ముడి విప్పాల్సింది టైం టేబుల్ చేతిలో పెట్టుకున్నవాళ్లే.

శామీర్‌పేట్ సంగతి

రాజీవ్ రహదారి మీదున్న శామీర్‌పేట్‌కు రైల్వే స్టేషన్ లేదు. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, జీనోమ్ వ్యాలీ కంపెనీలు ఈ వైపే ఉన్నాయి. అయినా రైలు కావాలంటే మేడ్చల్‌కో, బొల్లారానికో, అల్వాల్‌కో రోడ్డు మీద వెళ్లాల్సిందే. అందుకే ఇక్కడివాళ్ల ఆశ మెట్రో మీద ఉంది. ప్యారడైజ్-మేడ్చల్, జేబీఎస్-శామీర్‌పేట్ కారిడార్లకు డీపీఆర్ తయారు చేయాలని 2025 జనవరి 1న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆదేశించారు. శామీర్‌పేట్ కారిడార్ సుమారు 22 కిలోమీటర్లు. 2025లోనే రాష్ట్ర ప్రభుత్వం ఈ ప్రతిపాదనను కేంద్రానికి పంపింది. కేంద్రం ఒప్పుకుని, పనులు పూర్తయ్యే దాకా మాత్రం బస్సే గతి.

ముందు ఏముంది

మేడ్చల్ తర్వాత వచ్చే మనోహరాబాద్ నుంచి కొత్తపల్లి వైపు కొత్త లైన్ మొదలవుతుంది. ఈ దారిలో 2023 అక్టోబర్ 3న సిద్దిపేట-సికింద్రాబాద్ రైలు మొదలైంది. ముద్ఖేడ్-మేడ్చల్ మధ్య రెండో లైన్‌కు 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అమృత్ భారత్ పథకంలో బాగుచేసే స్టేషన్ల జాబితాలో మేడ్చల్ కూడా ఉంది. స్టేషన్ బిల్డింగ్ ఎంత బాగున్నా, ప్రయాణికుడు చూసేది ప్లాట్‌ఫామ్ మీదికి రైలు ఎన్నిసార్లు వస్తుందనే. బయలుదేరే ముందు, ముఖ్యంగా ఆదివారాలు, పండుగ రోజుల్లో, 139 నంబర్‌కు ఫోన్ చేసి గానీ రైల్వే యాప్‌లో గానీ టైం చూసుకుంటే మంచిది.