ఇంజనులో మిస్సింగు - నిప్పురవ్వను వెదకిన చరిత్ర

పెట్రోలు కారు సాఫీగా పోవుచుండగా ఒక్కొక్కప్పుడు ఇంజను ధ్వనిలో లయ తప్పును. బండి కుదుపులతో నడచును. ఎత్తు ఎక్కలేక రొప్పును. మెకానిక్కులు దీనిని 'మిస్సింగు' అందురు. ఏదో ఒక సిలిండరులో జరుగవలసిన దహనము జరుగుట లేదని దీని అర్థము. ఆ సిలిండరు ఏది? దహనము ఎందుకు జరుగలేదు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వెదకు పద్ధతికి వంద సంవత్సరములకు మించిన చరిత్ర గలదు.

దహనమునకు మూడు విషయములు కావలెను. పెట్రోలు ఆవిరి, గాలి తగు పాళ్లలో కలియవలెను. బరువును బట్టి పెట్రోలు ఒక వంతునకు గాలి సుమారు 15 వంతులుండవలెను. ఆ మిశ్రమమును పిస్టను బాగుగా అదుమవలెను. సరియైన క్షణమున నిప్పురవ్వ పుట్టవలెను. ఈ మూడింటిలో ఎక్కువ చిక్కు పెట్టినది నిప్పురవ్వయే.

1860లో పారిస్ నగరమున లెన్వార్ తన గ్యాసు ఇంజనులో బాటరీతోను, ఇండక్షన్ కాయిలుతోను నిప్పురవ్వను పుట్టించెను. 1876లో ఆటో నిర్మించిన ఇంజనులో చిన్న మంటను లోనికి చొప్పించెడివారు. 1883లో డైమ్లర్, మేబాక్ ఎర్రగా కాలిన గొట్టమును వాడిరి. కాని దహన క్షణమును కావలసినట్లు మార్చుటకు ఆ గొట్టముతో వీలు చిక్కలేదు. కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మూడు చక్రముల బండిలో మరల విద్యుత్తునే ఆశ్రయించెను.

1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా తన ఇద్దరు కుమారులతో ఈ తరహా బండిలో మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌కు, సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణము చేసెను. దారిలో ఇంధనపు గొట్టము పూడుకొనగా టోపీసూదితో శుభ్రము చేసెననియు, ఒరసిన విద్యుత్ తీగకు తన మేజోటి పట్టీని చుట్టెననియు చెప్పుదురు. ఒకటి ఇంధన దోషము, రెండవది విద్యుత్ దోషము. తరువాతి కాలపు మెకానిక్కులు ముందుగా పరీక్షించినవియు ఈ రెండే.

బాటరీలు త్వరగా నీరసించెడి ఆ కాలమున, బాటరీ అక్కరలేని మాగ్నెటోలను బాష్ సంస్థ వృద్ధి చేసెను. 1902లో ఆ సంస్థకు చెందిన హోనాల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన స్పార్కు ప్లగ్గును రూపొందించెను.

1908లో వెలువడిన ఫోర్డు 'టి' మోడలు కారులో నాలుగు సిలిండర్లకు నాలుగు కాయిళ్లు ఒక కొయ్యపెట్టెలో ఉండెడివి. ప్రతి కాయిలుపైన కంపించు చిన్న రేకు ఉండెడిది. ఆ రేకును వ్రేలితో అదిమిపట్టిన ఆ సిలిండరుకు నిప్పురవ్వ అందదు. మిస్సింగు వచ్చినప్పుడు రేకులను వరుసగా అదుముచు ఇంజను ధ్వనిని వినెడివారు. చక్కగా పనిచేయు సిలిండరును ఆపిన ఇంజను వేగము తగ్గును. ఇదివరకే పనిచేయని సిలిండరును ఆపిన ఏ మార్పును రాదు. అనగా, ఆపినను తేడా లేనిదే దోషి! ఒక్కొక్క అంశమును తొలగించి ఫలితమును పోల్చుట ప్రయోగశాలలో మనము నేర్పు పద్ధతియే గదా.

అమెరికాలో కెటరింగ్ ఇంతకంటె సులభమైన మార్గమును కనుగొనెను. 1910 నాటి కాడిలాక్ కార్లలో అది చోటు చేసికొన్నది. ఇందు అన్ని సిలిండర్లకు ఒకటే కాయిలు. సి.బి. పాయింట్లు విడిపోగానే కాయిలులోని ప్రాథమిక విద్యుత్తు ఆగును. అయస్కాంత క్షేత్రము కూలును. రెండవ తీగచుట్టలో వేల వోల్టులు పుట్టును. 1831లో ఫారడే కనుగొన్న ప్రేరణ సూత్రమే ఇది. పాయింట్ల నడుమ మెరుపు లేవకుండ కండెన్సరు కాపాడును. అది చెడిన పాయింట్లు కాలును, నిప్పురవ్వ బలహీనమగును.

మన దేశమున 1958 నుండి 2014 వరకు తయారైన అంబాసిడరు కారు పెట్రోలు ఇంజనులు చాలకాలము ఈ పద్ధతిపైననే నడచినవి. నాలుగు సిలిండర్లలో నిప్పు ముట్టు క్రమము 1-3-4-2. నిమిషమునకు 3,000 చుట్లు తిరుగునప్పుడు ప్రతి సిలిండరునకు 1,500 రవ్వలు, నాలుగింటికి 6,000 రవ్వలు కావలెను. అనగా సెకనుకు నూరు! ఇందు కొన్ని తప్పినను చెవి పసిగట్టును.

దోషియైన సిలిండరు తెలిసిన పిదప ప్లగ్గును విప్పి చూచెడివారు. లేత గోధుమ రంగు ఆరోగ్య చిహ్నము. పొడి మసి పట్టిన పెట్రోలు పాలు హెచ్చినదని సూచన. నూనె జిడ్డు ఉన్న పిస్టను రింగులో, వాల్వుల దారియో అరిగియుండవచ్చును. ప్లగ్గు వెలుపల చక్కని రవ్వ వచ్చినంత మాత్రమున అది నిర్దోషి యనరాదు. గాలి ఒత్తిడి హెచ్చినకొలది రవ్వ దూకుటకు ఎక్కువ వోల్టేజి కావలెను. అందుచే బయట దూకిన రవ్వ సిలిండరులో దూకకపోవచ్చును. ఎత్తు ఎక్కునప్పుడు సిలిండరులో ఒత్తిడి మరింత హెచ్చును గనుకనే మిస్సింగు అప్పుడు తరచుగా బయటపడును.

క్రమముగా పాయింట్ల స్థానమును ట్రాన్సిస్టర్లు ఆక్రమించినవి. కాలని పెట్రోలు పొగగొట్టములోని ఉత్ప్రేరక పరికరమును పాడుచేయును గనుక, 1996 నుండి అమెరికాలో అమ్ము కొత్త కార్లకు మిస్సింగును తామే కనిపెట్టు ఏర్పాటు తప్పనిసరి యైనది. క్రాంకుషాఫ్టు వేగములోని స్వల్పమైన తొట్రుపాటును కొలిచి, ఏ సిలిండరు తప్పినదో కంప్యూటరు గుర్తించును. ఈ కార్లలో ప్లగ్గు తీగలను చేతితో లాగి పరీక్షించుట ప్రమాదకరము. మనిషికిని, యంత్రమునకును హాని కలుగవచ్చును.

అయితే కంప్యూటరు చెప్పునది సిలిండరు సంఖ్యను మాత్రమే. రవ్వ లేదా, ఇంధనము లేదా, ఒత్తిడి లేదా అన్న ప్రశ్న మిగిలియే ఉండును. లక్షణమును చూడగానే కారణము తెలిసినదని భ్రమపడి, భాగములన్నిటిని ఒకేసారి మార్చినవాడు డబ్బు పోగొట్టుకొనును, కారణమును తెలిసికొనలేడు. ఒకసారి ఒక్క అంశమునే మార్చి చూచినవానికి ఆ రెండును దక్కును.