తెర మూలనున్న భూగోళము: ఒక బహుభాషా టెలివిజన్ చిహ్నము కథ

టెలివిజన్ తెర మూలలో కదలక నిలిచియుండు చిన్న గుర్తును మనము రోజూ చూచుచునే ఉన్నాము. కాని దానిని గూర్చి ఆలోచించుట అరుదు. బియ్యపు బస్తాపై వ్యాపారి ముద్ర ఎట్టిదో, ప్రసార సంస్థకు ఆ గుర్తు అట్టిది. “ఈ కార్యక్రమమునకు బాధ్యత మాది” అని అది చెప్పును. సాధారణముగా సంస్థ పేరులోని మొదటి అక్షరములే ఈ గుర్తుగా ఏర్పడును. అయితే ఒకే సంస్థ పదులకొలది భాషలవారితో మాట్లాడవలసి వచ్చినప్పుడు ఏ భాష అక్షరములు వ్రాయవలెను? ఆస్ట్రేలియాలోని స్పెషల్ బ్రాడ్‌కాస్టింగ్ సర్వీస్, అనగా ఎస్.బి.ఎస్., అను సంస్థ కథలో ఈ ప్రశ్న ఉన్నది. దాని చిహ్నములు మారిన తీరును పరిశీలించినచో రేడియో తరంగముల శాస్త్రము, భూపటముల గణితము, ఒక దేశపు మనసు మారిన చరిత్ర, ఈ మూడును మనకు బోధపడును.

వలసల దేశము

రెండవ ప్రపంచ యుద్ధము తరువాత ఇటలీ, గ్రీసు, యుగోస్లావియా మొదలగు దేశములనుండి లక్షలాది జనులు ఆస్ట్రేలియాకు వలస వచ్చినారు. జాతిని బట్టి వలసదారులను ఎంచు పాత విధానమునకు 1973లో విట్లం ప్రభుత్వము స్వస్తి చెప్పినది. 1975లో ప్రభుత్వము కొత్త ఆరోగ్య బీమా పథకము ఒకటి ప్రవేశపెట్టినది. ఇంగ్లీషు రానివారికి దీనిని తెలియజేయుట ఎట్లు? ఇందుకై సిడ్నీలో 2ఈఏ, మెల్‌బోర్న్‌లో 3ఈఏ అను రెండు రేడియో కేంద్రములు పలు భాషలలో ప్రయోగాత్మకముగా ప్రసారములు మొదలుపెట్టినవి. ఒక్క ప్రకటన కొరకు తెరచిన ఆ తలుపు మరి మూతపడలేదు. 1978 జనవరి 1న ఎస్.బి.ఎస్. సంస్థ ఏర్పడినది. అదే సంవత్సరమున ఫ్రాంక్ గాల్బల్లీ అధ్యక్షతన వెలువడిన నివేదిక బహుభాషా టెలివిజన్ కూడ అవసరమని సిఫారసు చేసినది. 1979లో ప్రయోగ ప్రసారములు జరిగినవి. 1980 అక్టోబరు 24న, ఐక్యరాజ్య సమితి దినమున, సిడ్నీ, మెల్‌బోర్న్ నగరములలో పూర్తి ప్రసారములు ప్రారంభమైనవి. తొలిగా చూపిన చిత్రము పేరు “మనమెవరము?” అను అర్థము గలది. ఆ ప్రశ్నకు జవాబు వెదకుచునే సంస్థ చిహ్నములు కూడ మారినవనవచ్చును.

సంఖ్యయే పేరు

ఆ టెలివిజన్ మొదటి పేరు “ఛానెల్ 0/28”. ఈ అంకెలు రెండు తరంగ పథముల సంఖ్యలు. సిడ్నీ, మెల్‌బోర్న్ నగరములలో 2, 7, 9, 10 సంఖ్యల స్థానములు అప్పటికే ఇతర సంస్థల చేతిలో ఉన్నవి. అందుచేత కొత్త కేంద్రమునకు అట్టడుగుననున్న 0వ ఛానెల్, ఎంతో ఎగువనున్న 28వ ఛానెల్ దక్కినవి. ఒకే కార్యక్రమము రెండింటిలోను వచ్చెడిది.

ఈ రెండింటికి గల భేదమును విద్యార్థులు సులభముగా లెక్క వేయవచ్చును. 0వ ఛానెల్‌లో చిత్రమును మోయు తరంగపు పౌనఃపున్యము 46.25 మెగాహెర్ట్జ్. కాంతి వేగమును పౌనఃపున్యముచే భాగించిన తరంగదైర్ఘ్యము వచ్చును. ఇచ్చట అది సుమారు 6.5 మీటర్లు. ఏరియల్ కడ్డీ పొడవు తరంగదైర్ఘ్యములో సగము ఉండుట మంచిది. అనగా ఇంటి కప్పుపై మూడు మీటర్లకు మించిన కడ్డీ ఉండవలెను! 28వ ఛానెల్ పౌనఃపున్యము 527.25 మెగాహెర్ట్జ్. దాని తరంగదైర్ఘ్యము 57 సెంటీమీటర్లు. కడ్డీ సుమారు 28 సెంటీమీటర్లు చాలును. (ఛానెల్ సంఖ్యకు, ఈ కొలతకు పొందిక కేవలము కాకతాళీయము.) ఇండ్లపై అప్పటికున్న ఏరియళ్లలో 0వ ఛానెల్‌ను సరిగా పట్టలేనివి ఎన్నో ఉండెను. 28కి తగిన ఏరియల్ అనేకుల ఇండ్లలో లేనే లేదు. కాబట్టి “మేమెవరము” అని చెప్పుటకంటె “మేము ఎక్కడ దొరకుదుము” అని చెప్పుట ఆ దినములలో ముఖ్యమైనది. తన చిరునామానే పేరుగా పెట్టుకొనిన ఇల్లువలె ఆ కేంద్రము సంఖ్యతోనే పిలువబడినది.

అక్షరముల కాలము

1983లో ప్రసారములు కాన్‌బెర్రా ప్రాంతమునకు విస్తరించినప్పుడు పేరు “నెట్‌వర్క్ 0-28” అయినది. 1985 ఫిబ్రవరి 18న సంఖ్యలను విడిచి “ఎస్.బి.ఎస్.” అను మూడక్షరములను పేరుగా గ్రహించినారు. 1986 జనవరి 5న 0వ ఛానెల్‌పై ప్రసారము నిలిచిపోయినది. పాత పేరు ఉంచుకొని ఉన్నచో అందులో సగము అబద్ధమై ఉండెడిది.

పేరు మారినంత మాత్రమున కష్టములు తీరలేదు. 1986లో ప్రభుత్వము ఈ సంస్థను జాతీయ ప్రసార సంస్థయైన ఏ.బి.సి.లో కలిపివేయ తలపెట్టినది. వలస కుటుంబముల సంఘములును, సంస్థ ఉద్యోగులును గట్టిగా ఎదిరించినారు. 1987లో ప్రభుత్వము ఆ ప్రయత్నమును విరమించినది. 1991లో చేసిన ప్రత్యేక చట్టము సంస్థ కర్తవ్యమును స్పష్టముగా నిర్దేశించినది: పలు భాషలలో ప్రసారము చేయుచు, ఆస్ట్రేలియనులందరికి విజ్ఞానమును వినోదమును పంచి, ఆ దేశపు బహుళ సంస్కృతికి అద్దము పట్టవలెను. మూడక్షరములు చెరగిపోవు ప్రమాదము తప్పినది. కాని అవి ఇంగ్లీషు అక్షరములే గదా! అరబ్బీ, గ్రీకు, చీనా లిపులలో చదువు నేర్చిన వృద్ధులకు అవి మూడు గీతలవంటివే. అక్షరము చదువరిని కోరును. బొమ్మ చూపరిని కోరును.

మెర్కేటర్ ముద్ర

1993లో వచ్చిన చిహ్నము ఈ కొరతను కొంత తీర్చినది. పక్కపక్కన నిలిపిన వంపు ముక్కలు కలిసి ఒక గోళము ఆకారమును స్ఫురింపజేయును. నేటి రూపములో ఇవి ఐదు. దీనికి “మెర్కేటర్” అని పేరు. అక్షరములను తొలగింపలేదు, వానికి తోడుగా ఏ లిపికిని చెందని ఒక బొమ్మ చేరినది.

ఫ్లాండర్సుకు చెందిన గెరార్డస్ మెర్కేటర్ 1569లో నావికుల కొరకు ఒక ప్రపంచ పటమును ప్రకటించినాడు. భూమధ్యరేఖనుండి ధ్రువమువైపు పోవుకొలది అక్షాంశ వృత్తములు చిన్నవగును. మెర్కేటర్ పటములో అవన్నియు ఒకే పొడవుగల రేఖలైనవి. అనగా ప్రతి అక్షాంశమును అడ్డముగా సాగదీసినట్లే. ఆకారము చెడకుండుటకు నిలువుగా కూడ అంతే సాగదీయవలెను. 60 డిగ్రీల వద్ద పొడవు రెండింతలు, వైశాల్యము నాలుగింతలు అగును. మెల్‌బోర్న్ సుమారు 38 డిగ్రీల దక్షిణ అక్షాంశముపై ఉన్నది. అచ్చటి నేల పటముపై 1.6 రెట్లు పెరుగును. ఉత్తరాననున్న డార్విన్ వద్ద పెరుగుదల నూటికి ఐదు పాళ్లు మాత్రమే. ఒకే దేశములోని రెండు నగరములను పటము సమానముగా చూడదన్నమాట! ఆఫ్రికా నిజముగా గ్రీన్‌లాండుకు 14 రెట్లు పెద్దది. ఈ పటములో రెండును ఇంచుమించు ఒకే పరిమాణముగా కనిపించును. అయితే దిక్సూచి చూపు ఒకే దిశలో పోవు ఓడ మార్గము ఇందులో సరళరేఖ అగును. ఆ లాభము కొరకే నావికులు ఈ నష్టమును భరించినారు.

ఇచ్చట ఉపాధ్యాయులు గమనింపదగిన విషయమొకటి ఉన్నది. మెర్కేటర్ ప్రపంచ పటము దీర్ఘచతురస్రాకారము. చిహ్నములోని ముక్కలో, నారింజ తొనలవలె వంగినవి. పేరు తప్పా? అట్లనవలసిన పని లేదు. మెర్కేటర్ పటములే కాక గ్లోబులు కూడ చేసినాడు. 1541లో అతడు భూమిని ఒక్కొక్కటి 30 డిగ్రీలు గల 12 తొనలుగా కాగితముపై అచ్చొత్తి, వానిని గోళముపై అంటించినాడు. గోళమును బల్లపరుపుగా చేయవలెనన్న సాగదీయవలెను, లేదా కోయవలెను. మొదటిది 1569 నాటి పటము. రెండవది 1541 నాటి గ్లోబు. ఎస్.బి.ఎస్. ముద్ర రెండవదానికి దగ్గర. అందులో ముక్కల మధ్య సందులు దాచబడలేదు.

2008లో చిహ్నమును కొత్తగా దిద్దినారు గాని మెర్కేటరును విడువలేదు. తరువాత ఈ సంస్థ గొడుగు క్రింద ఛానెళ్లు పెరిగినవి. ఆదివాసుల ఛానెల్ ఎన్.ఐ.టి.వి. 2012లో ఈ సంస్థ ద్వారా ప్రసారము మొదలుపెట్టినది; పలు భాషల వార్తలకై వరల్డ్‌వాచ్ 2022లో వచ్చినది. నేడు ఈ సంస్థ శ్రవణ విభాగము 60కి పైగా భాషలలో పనిచేయుచున్నది. అందులో తెలుగు కూడ ఒకటి. ఆస్ట్రేలియాలో స్థిరపడిన మన తెలుగువారు వార్తలు వినుటకు ఫోను తెరచినప్పుడు వారికి కనిపించునదియు ఆ తొనల గోళమే.

తరగతిలో దీనిని ప్రయోగముగా చేయవచ్చును. ఒక నారింజ తొక్కను ధ్రువమునుండి ధ్రువమునకు కోసి బల్లపై పరచుడు. తొక్కను చింపక పూర్తిగా చదును చేయుట సాధ్యమగునేమో విద్యార్థులనే ప్రయత్నింపనిండు. సాధ్యము కాదని వారి చేతులకే తెలియును. గోళతలమును కొలతలు చెడకుండ చదును చేయలేమని గౌస్ 1827లో గణితముచే నిరూపించినాడు. ఆ తరువాత విద్యార్థులకు మరియొక పని చెప్పవచ్చును: తమ పాఠశాలలో ఇండ్ల వద్ద మాట్లాడు భాషలన్నిటిని లెక్కించి, ఎవరి లిపికిని పెద్దపీట వేయక, ఎవరిని వెలివేయక, పాఠశాలకొక గుర్తు గీయవలెను. అది ఎంత కష్టమో తెలిసిన నాడు, తెర మూలనున్న ఆ చిన్న ముద్ర వెనుక ఎంత ఆలోచన ఉన్నదో వారికి అర్థమగును.