ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు: విండోస్ ప్రక్కన లినక్స్

ఒకే కంప్యూటరులో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లను ఉంచి, యంత్రమును ఆన్ చేసిన ప్రతిసారి కావలసినదానిని ఎంచుకొను ఏర్పాటును డ్యూయల్ బూట్ అందురు. రెండును ఒకే సమయమున పనిచేయవు. ఒకదానినుండి మరియొకదానికి పోవలెనన్న యంత్రమును రీస్టార్ట్ చేయవలెను.

ఇది మన ప్రాంతమునకు పూర్తిగా క్రొత్త విషయము కాదు. 2011లో తమిళనాడు ప్రభుత్వము విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్‌ల పంపిణీ ప్రారంభించినప్పుడు, తొలి విడతల యంత్రములలో విండోస్‌తో పాటు సీడాక్ సంస్థ రూపొందించిన బాస్ లినక్స్ కూడ ఉండెడిది. హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగు పిల్లలనేకులు డ్యూయల్ బూట్ మెనూను మొదట చూచినది ఆ తెరల మీదనే.

ఎవరికి అవసరము?

మన సంఘముల వార్షిక సంచికలు, పెండ్లి పత్రికలు, పాఠశాల ప్రశ్నపత్రములు ఏండ్ల తరబడి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చబడినవి. ఆ ఫైళ్ళలోనిది యూనికోడ్ తెలుగు కాదు. ఆ ఫాంట్లు లేని యంత్రమున తెరచినచో అర్థము లేని గుర్తులు మాత్రమే కనబడును. అట్టి ఫైళ్ళున్నవారు విండోస్‌ను వదలుకొనలేరు.

మరియొక ప్రక్క, విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది. విండోస్ 11కు టీపీఎం 2.0 అను భద్రతా చిప్పు, మైక్రోసాఫ్ట్ ఆమోదించిన ప్రాసెసరు కావలెను. ఇంటెల్ ప్రాసెసర్లలో సాధారణముగా 8వ తరము మొదలుకొని పైవి మాత్రమే ఆ జాబితాలో కలవు. అంతకు ముందటి ల్యాప్‌టాప్ బాగుగా పనిచేయుచున్నను దానికి విండోస్ 11 అర్హత లేదు.

ఈ రెండు చిక్కులకు కలిపి ఒక పరిష్కారమే డ్యూయల్ బూట్. పాత విండోస్‌ను పాత ఫైళ్ళ కొరకు మాత్రము ఉంచుకొని, దానిని ఇంటర్నెట్‌కు దూరముగా ఉంచవచ్చును. బ్యాంకు పనులు, ఈమెయిల్, ఇతర ఇంటర్నెట్ పనులు భద్రతా సవరణలు అందుచున్న లినక్స్‌లో చేసికొనవచ్చును.

ఏ లినక్స్?

లినక్స్‌లో రకములు అనేకము. విండోస్‌కు అలవాటుపడినవారికి లినక్స్ మింట్ అనుకూలము. 2024లో విడుదలయిన 22వ తరము మింట్‌కు 2029 వరకు మద్దతు కలదు. మెమరీ 4 జీబీ మాత్రమే ఉన్న యంత్రములకు దాని ఎక్స్‌ఎఫ్‌సీఈ రూపము తేలిక. డిస్కులో కనీసము 20 జీబీ కావలెను, 50 జీబీ కేటాయించిన ఇరుకు ఉండదు.

విండోస్ లేని యంత్రమున రెండింటిని క్రొత్తగా వేయుచున్నచో ముందు విండోస్, తరువాత లినక్స్ వేయవలెను. తరువాత వేసిన విండోస్ బూట్ క్రమమున తననే ముందు నిలుపుకొనును. లినక్స్‌తో వచ్చు గ్రబ్ అను బూట్ మెనూ అయితే రెండింటికిని దారి చూపును.

మొదలుపెట్టుటకు ముందు

1. ఫైళ్ళకు నకలు తీయవలెను. ఈ వ్యాసములో ఒక్క మాటే గుర్తుంచుకొందుమన్నవారు దీనిని గుర్తుంచుకొనవలెను. నేను మొదటిసారి లినక్స్ వేసినప్పుడు తొందరపాటున డిస్కు అంతయు తుడిచివేయు ఎంపికను నొక్కితిని. మా ఊరి వృద్ధులు పాడగా ఆరేండ్లపాటు వ్రాసికొన్న పెండ్లి పాటలు, దంపుడు పాటలు అందులో ఉండెను. వేరొక నకలు లేదు. మరల అడిగి వ్రాసికొందమని పోవునప్పటికి పాడినవారిలో ఇద్దరు గతించిరి. తప్పు యంత్రముది కాదు, నాది. డిస్కులోని విభజనలను మార్చు పని ఏదైనను, ముఖ్యమయిన ఫైళ్ళు వేరొక డిస్కులో ఉన్న తరువాతనే ప్రారంభింపవలెను. నకలు తీసిన ఫైళ్ళను మరియొక కంప్యూటరులో తెరచి చూచుకొనుట మరువరాదు. పాత తెలుగు ఫైళ్ళతో పాటు వాటి ఫాంట్లను కూడ భద్రపరచవలెను.

2. బిట్‌లాకర్ తాళమును పరిశీలింపవలెను. కొన్ని ల్యాప్‌టాప్‌లలో డిస్కు రహస్య లిపిలో భద్రపరచబడియుండును. ఇది యజమానికి తెలియకుండనే మొదలయి ఉండవచ్చును. బూట్ ఏర్పాటు మారగానే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగును. అది లేనిచో ఫైళ్ళు చేజిక్కవు. మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ కీ కనబడును. దానిని కాగితము మీద వ్రాసి పెట్టుకొనుడు. అటు తరువాత సెట్టింగులలో ఈ రక్షణను ఆపి, డిస్కు పూర్తిగా విడుదలయ్యెడివరకు ఆగవలెను.

3. ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపవలెను. ఇది ఉన్నంతవరకు షట్‌డౌన్ చేసినను విండోస్ పూర్తిగా మూతపడక సగము నిద్రలో ఉండును. అట్టి స్థితిలో విండోస్ విభజనలో లినక్స్ వ్రాయుట ప్రమాదము. కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో, పవర్ బటన్లు ఏమి చేయవలెనో నిర్ణయించు పేజీలో దీనిని తీసివేయవచ్చును.

4. యంత్రపు బూట్ విధానము తెలిసికొనవలెను. స్టార్ట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెదకి తెరచినచో, బయోస్ మోడ్ ఎదుట యూఈఎఫ్ఐ అనియో లెగసీ అనియో ఉండును. విండోస్ ఏ విధానములో ఉన్నదో లినక్స్‌ను కూడ ఆ విధానములోనే వేయవలెను. లెగసీ యంత్రముల ఎంబీఆర్ డిస్కులలో నాలుగు ప్రైమరీ విభజనలకు మించి ఉండవు. నాలుగును ముందే నిండియున్నచో తెలిసినవారి సహాయము లేనిదే ముందుకు పోరాదు.

డిస్కులో చోటు చేయుట

ఈ పని విండోస్‌లోనే చేయుట క్షేమకరము. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరచి, సీ డ్రైవ్ మీద కుడి మీట నొక్కి, ష్రింక్ వాల్యూమ్ ఎంచుకొనవలెను. అక్కడ లెక్క ఎంబీలలో అడుగును. 50 జీబీకి 51200 అని వ్రాయవలెను. ఖాళీ ఉన్నను అంత చోటు ఈయనిచో, కదలింపరాని ఫైళ్ళు నడుమ ఉన్నవని అర్థము. చోటు వచ్చిన తరువాత అది అన్‌అలొకేటెడ్ అని నల్లని పట్టీతో కనబడును. అందులో క్రొత్త డ్రైవ్ ఏదియు చేయక అట్లే వదలవలెను. ఒకసారి విండోస్‌ను రీస్టార్ట్ చేసి, సరిగా తెరచుకొనుచున్నదని చూచుకొనవలెను.

లినక్స్ వేయుట

మింట్ ఐఎస్ఓ ఫైలును దాని అధికారిక చోటునుండియే దించుకొని, రూఫస్ వంటి సాధనముతో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోనికి ఎక్కించవలెను. పెన్‌డ్రైవ్‌లోని పాత ఫైళ్ళన్నియు ఇందువలన పోవును. ల్యాప్‌టాప్‌ను ఆన్ చేయగానే బూట్ మెనూ మీట నొక్కవలెను. లెనోవో, డెల్, ఏసర్ యంత్రములలో సాధారణముగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్.

పెన్‌డ్రైవ్‌నుండి మింట్ తెరచుకొనును. ఇంకను డిస్కులో ఏ మార్పు జరుగలేదు. వై-ఫై, ధ్వని, మౌస్ ప్యాడ్ పనిచేయుచున్నవో లేదో ఈ దశలోనే పరీక్షించి, అన్నియు సరిగా ఉన్న తరువాతనే ఇన్‌స్టాల్ గుర్తును నొక్కవలెను.

డిస్కు విషయము అడుగు పేజీ అత్యంత ముఖ్యము. ‘ఎరేజ్ డిస్క్’ అనునది సర్వనాశనము, దానిని ముట్టరాదు. ‘సంథింగ్ ఎల్స్’ ఎంచుకొని, ఫ్రీ స్పేస్ అనుచోట ప్లస్ గుర్తు నొక్కి, రకము ఈఎక్స్‌టీ4గాను, మౌంట్ పాయింట్ ఒక్క ఏటవాలు గీతగాను (/) ఈయవలెను. ఈఎఫ్ఐ విభజనను ఫార్మాట్ చేయరాదు. విండోస్‌ను తెరచు ఫైళ్ళు అందులోనే కలవు. చివర వచ్చు హెచ్చరికలో ఫార్మాట్ కానున్న విభజనల పట్టిక ఉండును. అందులో మీరు చేసిన క్రొత్తది తప్ప వేరొకటి ఉన్నచో వెనుకకు రావలెను. డిస్కు అసలు కనబడనిచో పని ఆపివేయుడు. స్టోరేజి అమరిక మార్చవలసిన అట్టి సందర్భములలో విండోస్ తెరచుకొనకపోవు ప్రమాదము కలదు.

తరువాత వచ్చు చిక్కులు

గడియారము: లినక్స్‌నుండి విండోస్‌కు వచ్చినప్పుడు సమయము ఐదున్నర గంటలు వెనుకకు పోవచ్చును. యంత్రములోని గడియారమును విండోస్ స్థానిక సమయముగాను, లినక్స్ అంతర్జాతీయ సమయముగాను లెక్కించుటయే కారణము. లినక్స్‌ను కూడ స్థానిక సమయమును పాటించునట్లు అమర్చిన ఇది తీరును.

మెనూ మాయమగుట: పెద్ద విండోస్ అప్‌డేట్ తరువాత యంత్రము తిన్నగా విండోస్‌లోనికే పోవచ్చును. యూఈఎఫ్ఐ అమరికలలో బూట్ క్రమమును సరిచేయవలెను. అక్కడ మింట్ పేరు ‘ఉబుంటు’ అని ఉండును, చూచి తికమకపడనక్కరలేదు.

సెక్యూర్ బూట్: 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్ వలన కొన్ని డ్యూయల్ బూట్ యంత్రములలో లినక్స్ తెరచుకొనక నిలిచిపోయెను. లినక్స్ పెన్‌డ్రైవ్‌ను పారవేయక భద్రపరచుకొనుటకు ఇది ఒక కారణము.

తొలగింపు: లినక్స్ వద్దనుకొన్నచో, ముందు బూట్ క్రమమున విండోస్‌ను మొదట నిలిపి, అది తెరచుకొనుచున్నదని చూచిన తరువాతనే లినక్స్ విభజనను తీసివేయవలెను. లెగసీ యంత్రములలో విండోస్ బూట్ భాగమును ముందుగా బాగుచేసికొనవలెను.

తెలుగు వ్రాయుట

లినక్స్‌లో కీబోర్డు అమరికలలో తెలుగును చేర్చినచో ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి లభించును. సరిహద్దు జిల్లాల వారికి ఇందులో ఒక సౌలభ్యము కలదు. భారతీయ లిపులన్నింటికి ఇన్‌స్క్రిప్ట్‌లో అక్షరముల స్థానములు ఉమ్మడి. కే మీట నొక్కినచో తెలుగులోనైనను, కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీలలోనైనను ఆయా లిపుల ‘క’ పడును. ఒకసారి వ్రేళ్ళకు అలవడిన పద్ధతి ఇంటి భాషకు, బడి భాషకు రెండింటికిని పనికివచ్చును.

ఇట్లు లినక్స్‌లో వ్రాసినది యూనికోడ్ తెలుగు గనుక ఏ యంత్రమునకు పంపినను తెలుగుగానే కనబడును. విండోస్‌లోని పాత అను ఫైళ్ళను కూడ తీరిక దొరికినప్పుడెల్ల యూనికోడ్‌లోనికి మార్చుకొనుట మేలు. పాత విండోస్ తెరచుకొనుచున్న కాలములోనే ఆ పని ముగింపవలెను.