తల్లి కడుపు నుంచి ముదిమి దాకా: మానవాభివృద్ధి శాస్త్రం నడిచిన దారి

వైద్యవిద్యార్థి తొలి సంవత్సరంలో చదివే పిండోత్పత్తి శాస్త్రం, ఆ తర్వాత పిల్లల వార్డులో చేతికి వచ్చే ఎదుగుదల పట్టిక, చివరి సంవత్సరంలో వినే వృద్ధాప్య వైద్యం ఒకే మనిషి జీవితాన్ని వరుసగా వర్ణిస్తున్నట్టు కనిపిస్తాయి గాని, ఈ మూడింటికీ పుట్టిన కాలాలు వేరు, ఆధారంగా నిలిచిన శరీరాలు వేరు. ఏ దశ గురించి శాస్త్రానికి ఎప్పుడు, ఎంత తెలిసిందన్నది ఆ దశలో ఉన్న శరీరం పరిశీలకుడి చేతికి ఎలా చిక్కిందన్న దాని మీదే చాలావరకు ఆధారపడింది.

గర్భంలోని శిశువును కళ్లారా చూసే వీలులేని కాలంలో ఆ లోటును కోడిగుడ్డు తీర్చింది. క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దంలో అరిస్టాటిల్, పొదుగుతున్న గుడ్లు ఏ రోజు ఎలా ఉంటాయో వర్ణిస్తూ, మూడో రోజున తెల్లసొనలో కొట్టుకుంటూ కనిపించే ఎర్రటి చుక్కే గుండె అని రాశాడు. అన్నిటికంటే ముందు ఏర్పడే అవయవం గుండేనని ఆయన నిర్ణయం. భారతీయ వైద్యంలోనూ ఇదే ప్రశ్న మీద వాదం నడిచింది. సుశ్రుత సంహిత శారీరస్థానంలో తల ముందని ఒకరు, గుండె ముందని మరొకరు, నాభి ముందని ఇంకొకరు చెప్పిన అభిప్రాయాలను వరుసగా పేర్కొని, చివరికి అంగాలన్నీ ఒకేసారి పుడతాయనీ, అతి సూక్ష్మంగా ఉండటం వల్లనే మొదట కనిపించవనీ ధన్వంతరి సిద్ధాంతంగా తేల్చారు. మొదటి నెలలో కలలమనీ, రెండో నెలలో గట్టిపడిన ముద్ద అనీ, మూడో నెలలో తల, చేతులు, కాళ్ల మొగ్గలనీ ఆ గ్రంథం చేసిన విభజన, గర్భస్రావాలను శ్రద్ధగా చూసినవారి అనుభవం నుంచి వచ్చి ఉంటుందనుకోవడం అసంగతం కాదు. అయితే నేటి లెక్క ప్రకారం చేతుల మొగ్గలు నాలుగో వారంలోనే కనిపిస్తాయి కాబట్టి, ప్రాచీన గ్రంథంలో ఆధునిక శాస్త్రమంతా ముందే ఉందని చెప్పే ఉత్సాహం ఆ గ్రంథానికీ మేలు చేయదు.

పదిహేడో శతాబ్దంలో విలియం హార్వే మొదటి చార్లెస్ రాజు వేట వనాల్లోని లేళ్లను, అవి జత కట్టే కాలంలోనూ ఆ తర్వాతా కోసి, గర్భాశయంలో వారాల తరబడి ఏమీ కనిపించక ఆశ్చర్యపోయాడు. లేడి పిండం తొలి దశలో సన్నని పోగులా సాగి ఉంటుందనీ, దాన్ని జిగురు పొర నుంచి వేరుచేసి గుర్తించడం కష్టమనీ ఇప్పుడు తెలుసు. ఆ వైఫల్యం నుంచే ఆయన 1651 నాటి గ్రంథంలో, జీవులన్నిటికీ మూలం అండమేననీ, అవయవాలు ఒకదాని తర్వాత ఒకటి కొత్తగా ఏర్పడతాయనీ వాదించాడు. ఈ రెండో అభిప్రాయాన్ని క్రమోత్పత్తి వాదం అనవచ్చు. దానికి ఎదురు నిలిచిన పూర్వరూప వాదం, మనిషి మొదటి నుంచీ సూక్ష్మరూపంలో సిద్ధంగా ఉంటాడనీ, పెరగడం అంటే విప్పుకోవడమేననీ చెప్పింది. 1677లో లేవెన్‌హుక్ సూక్ష్మదర్శినిలో శుక్రకణాలను చూశాక ఆ సూక్ష్మ మానవుడు అండంలో ఉన్నాడా, శుక్రకణంలో ఉన్నాడా అని పూర్వరూప వాదులే రెండు పక్షాలుగా చీలిపోయారు. శుక్రకణం తలలో ముడుచుకు కూర్చున్న మనిషి ఉంటే ఎలా ఉంటాడో 1694లో హార్ట్‌సూకర్ గీసిన బొమ్మ నేటికీ పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తుంది. అది నవ్వు పుట్టించినా, రూపం లేని ద్రవం నుంచి రూపం ఎలా వస్తుందన్న చిక్కుప్రశ్నకు ఆ కాలానికి దొరికిన గట్టి సమాధానమే.

1759లో కాస్పర్ ఫ్రీడ్రిక్ వోల్ఫ్ కోడి పిండంలో రక్తనాళాలు ముందు లేనిచోట కొత్తగా ఏర్పడటాన్ని చూపాడు; పేగు మొదట బల్లపరుపు పొరగా ఉండి, మడతపడి గొట్టమవుతుందని ఆ తర్వాత వివరించాడు. 1817లో పాండర్ కోడి పిండంలో మూడు పొరలను గుర్తించగా, ఆయన మిత్రుడు ఫాన్ బేయర్ ఆ పొరల భావనను వెన్నెముక గల జీవులన్నిటికీ విస్తరింపజేశాడు. చర్మాన్నీ నాడీమండలాన్నీ ఇచ్చే బహిస్త్వచం, కండరాలనూ ఎముకలనూ ఇచ్చే మధ్యస్త్వచం, జీర్ణనాళపు లోపలి పొరను ఇచ్చే అంతస్త్వచం అని నేడు చదివే విభజనకు మూలం ఇదే. అంతవరకు అండాశయంలోని ద్రవపు తిత్తినే అండంగా భ్రమించిన శాస్త్రజ్ఞులకు, ఆ తిత్తి లోపల ఉండే అసలు అండాన్ని 1827లో ఒక ఆడకుక్కలో చూపినవాడూ ఫాన్ బేయరే. అండం, శుక్రకణాల కేంద్రకాలు కలవడాన్ని 1876లో ఆస్కార్ హెర్ట్‌విగ్ పారదర్శకమైన సముద్రపు అర్చిన్ గుడ్లలో గమనించాడు. గర్భధారణ అంటే ఏమిటో మానవజాతికి కచ్చితంగా తెలిసి నూట యాభై ఏళ్లే అయిందన్నమాట.

ఇంతవరకు కథలో మనిషి పిండం దాదాపు లేదు. ఆ లోటును విల్హెల్మ్ హిస్ పూరించాడు. వైద్యుల నుంచి గర్భస్రావ పిండాలను సేకరించి, పలుచటి ముక్కలుగా కోసి, వాటి ఆధారంగా పూర్తి ఆకారాన్ని తిరిగి నిర్మించి, 1880 నుంచి 1885 దాకా ఆయన వెలువరించిన సంపుటాలతో మానవ పిండశాస్త్రం సొంత కాళ్ల మీద నిలబడింది. ఆయన శిష్యుడు ఫ్రాంక్లిన్ మాల్ 1914లో బాల్టిమోర్‌లో కార్నెగీ సంస్థ తరఫున పిండశాస్త్ర విభాగాన్ని స్థాపించాడు. అక్కడ పోగైన వేలాది నమూనాల నుంచే, ఫలదీకరణ తర్వాతి మొదటి ఎనిమిది వారాలను 23 దశలుగా విభజించే కార్నెగీ పద్ధతి రూపొందింది. ఇందులో గమనించదగినదేమంటే, దశను నిర్ణయించేది వయసు గాని పొడవు గాని కాక, అవయవాల స్వరూపం.

ఆ సేకరణలోని అతి చిన్న నమూనాలు ఎలా వచ్చాయో పాఠ్యపుస్తకాలు సాధారణంగా చెప్పవు. 1938 నుంచి బోస్టన్ పరిసరాల్లో జాన్ రాక్, ఆర్థర్ హెర్టిగ్ అనే వైద్యులు, గర్భాశయం తొలగింపు శస్త్రచికిత్సకు సిద్ధమైన స్త్రీల నుంచి వారి రుతుచక్రం, దాంపత్య వివరాలు సేకరించి, తీసిన గర్భాశయాల్లో వెదికి, మొదటి పదిహేడు రోజుల్లోపు పిండాలను 34 సంపాదించారు. మానవ జీవితపు తొలి రెండు వారాల గురించిన బొమ్మలు చాలాకాలం ఆ కొద్దిమంది స్త్రీల శరీరాల మీదే ఆధారపడ్డాయి. నేటి నైతిక నియమాల కింద అలాంటి పరిశోధనకు అనుమతి దొరకదు. దాని ఫలితాలను మాత్రం ఎవరూ వదులుకోలేదు.

పిండం బయటి ప్రపంచానికి అందని భద్రమైన చోట ఉంటుందన్న నమ్మకం ఇరవయ్యో శతాబ్దంలో సడలింది. గర్భిణికి సోకిన రుబెల్లా వల్ల బిడ్డ కళ్లలో శుక్లాలు వస్తాయని 1941లో ఆస్ట్రేలియాలో నార్మన్ గ్రెగ్ గుర్తించాడు. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చిన థాలిడోమైడ్ మాత్ర 1961 చివర ఉపసంహరించేలోగా, వేలమంది పిల్లలు కాళ్లూ చేతులూ పూర్తిగా ఎదగకుండా పుట్టారు. ఏ అవయవం ఏ రోజుల్లో ఏర్పడుతుందన్న పట్టిక అప్పటి నుంచి చికిత్సా నిర్ణయాలకు ఆధారమైంది. ఈ ఘట్టంలో ఒక తెలుగువాడి కృషికీ చోటుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. దాని చర్యకు అడ్డుపడే అమినోప్టెరిన్ కూడా అక్కడి నుంచే వచ్చి, పిల్లల రక్తకేన్సర్‌ చికిత్సలో తొలి ఉపశమనాలను సాధించింది. అదే మందు పిండానికి వైకల్యం కలిగించగలదని 1950లలో తేలడం, ఎదిగే పిండానికి ఫోలిక్ ఆమ్లం ఎంత అవసరమో పరోక్షంగా చెప్పింది. మెదడు, వెన్నుపాములుగా మారే నాడీనాళం ఫలదీకరణ తర్వాత దాదాపు 28వ రోజుకు మూసుకుపోతుంది. అప్పటికి చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమన్న సంగతే తెలియదు. ఇంతకుముందు ఆ నాళం సరిగా మూసుకోని లోపంతో బిడ్డను కన్న స్త్రీలు గర్భధారణకు ముందు నుంచే ఫోలిక్ ఆమ్లం తీసుకుంటే, లోపం మళ్లీ వచ్చే ముప్పు 72 శాతం తగ్గుతుందని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి పరీక్ష నిర్ధారించింది.

పుట్టిన తర్వాతి ఎదుగుదలకు తొలి వరుస కొలతలు ఒకే ఒక బాలుడివి. ఫ్రాన్స్‌లో మోంబెయార్ ప్రభువు 1759లో పుట్టిన తన కొడుకు ఎత్తును పద్దెనిమిదేళ్ల పాటు సుమారు ఆరు నెలలకోసారి కొలిచి ఉంచగా, బ్యూఫాన్ వాటిని తన ప్రకృతి చరిత్రలో ప్రచురించాడు. ఏటా పెరిగిన ఎత్తును గీసి చూస్తే శైశవంలో వేగం, ఆపై నెమ్మది, యుక్తవయసులో మళ్లీ ఒక ఉరుకు కనిపిస్తాయి. 1930లో స్కామన్, శరీరంలోని అన్ని భాగాలూ ఒకే వేగంతో పెరగవనీ, మెదడు ఆరేళ్లకే చాలావరకు పెద్దవారి పరిమాణానికి చేరుతుందనీ, శోషరస కణజాలం పదకొండేళ్ల ప్రాంతంలో పెద్దవారిలో ఉండేదానికంటే మించి ఉండి తర్వాత తగ్గుతుందనీ, జననాంగాలు యౌవనారంభం దాకా దాదాపు నిద్రలో ఉంటాయనీ నాలుగు వక్రరేఖల్లో చూపాడు. శోషరస కణజాలంతో ఏర్పడిన టాన్సిళ్లు పిల్లల్లో పెద్దవిగా ఉండటం రోగం కానక్కరలేదని ఈ గీతను చూస్తేనే అర్థమవుతుంది.

యౌవనారంభాన్ని ఐదు దశలుగా విభజించిన జేమ్స్ టానర్ ఇంగ్లండ్‌లోని హార్పెండెన్ బాలల ఆశ్రమంలో పెరిగినవారిని ఏళ్ల తరబడి పరిశీలించాడు. మార్షల్‌తో కలిసి 1969, 1970లలో ప్రచురించిన వ్యాసాలకు ఆధారం 192 మంది బాలికలు, 228 మంది బాలురు. భారతదేశంలోని క్లినిక్కులో నేడు వాడే దశలు అలా ఒక ఆంగ్ల ఆశ్రమపు పిల్లల ఎదుగుదల నుంచి వచ్చాయి. ఈ లోపాన్ని కొంత సరిచేసే ప్రయత్నంగా, 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్ (ఢిల్లీ) సహా ఆరు దేశాల్లోని, తల్లిపాలు తాగి అనుకూల పరిస్థితుల్లో పెరిగిన పిల్లల కొలతలతో ఐదేళ్లలోపు వారికి ప్రమాణాలు విడుదల చేసింది. పిల్లలు ఎలా పెరుగుతున్నారన్నదాని స్థానంలో ఎలా పెరగాలన్న ప్రశ్న అప్పుడు ముందుకొచ్చింది.

పిండానికీ వృద్ధాప్యానికీ మధ్య వంతెన వేసినవాడు డేవిడ్ బార్కర్. హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో 1911 నుంచి మంత్రసానులు రాసి ఉంచిన శిశువుల బరువుల పుస్తకాలు దొరకడంతో, తక్కువ బరువుతో పుట్టినవారిలో గుండెజబ్బు మరణాలు ఎక్కువని 1989లో ఆయన బృందం చూపింది. పుణెలో చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం, సగటున 2.7 కిలోల బరువుండే భారతీయ శిశువులు ఇంగ్లండ్ శిశువుల కంటే సన్నగా ఉన్నా కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదని గుర్తించింది. దక్షిణాసియాలో మధుమేహం అంత తొందరగా రావడానికి ఇచ్చే వివరణల్లో ఇదొకటి.

వృద్ధాప్యం మీద శాస్త్రం దృష్టి అన్నిటికంటే ఆలస్యంగా పడింది. మెచ్నికోవ్ 1903లో ఆ శాస్త్రానికి పేరు పెట్టినా, ముసలితనం ఎలా ఉంటుందన్న వైద్యుల అవగాహన చాలాకాలం ఆసుపత్రుల్లో మంచం పట్టినవారిని చూసి ఏర్పడినదే. లండన్‌లో మార్జరీ వారెన్ 1930లలో అలా వదిలేసినవారిని పరీక్షించి, వ్యాయామం చేయించి, చాలామందిని ఇళ్లకు పంపింది. అంటే ముదిమిగా లెక్కవేసిన దానిలో కొంత భాగం కేవలం అశ్రద్ధ. సాధారణ మానవ కణాలు ప్రయోగశాలలో సుమారు యాభై సార్లు విభజన చెంది ఆగిపోతాయని 1961లో హేఫ్లిక్ చూపాక, ముసలితనం కణం లోపలే ఉందన్న ఆలోచన బలపడింది. అయితే 1958లో నేథన్ షాక్ హయాంలో ఆరంభమైన బాల్టిమోర్ అధ్యయనం, ఆరోగ్యవంతులనే ఏళ్ల తరబడి తిరిగి తిరిగి పరీక్షించింది. వయసుతో పాటు మూత్రపిండాల పని తగ్గక తప్పదని అంతవరకు అందరూ అనుకున్నది వేర్వేరు వయసులవారిని ఒకేసారి పోల్చినందువల్ల. అవే మనుషులను అనుసరించి చూసినప్పుడు దాదాపు మూడోవంతు మందిలో ఆ తగ్గుదల కనిపించలేదని 1985లో ప్రకటించారు. ఆ అధ్యయనంలో స్త్రీలను చేర్చుకోవడం 1978లో మాత్రమే మొదలైంది కనుక, ఆరోగ్యంగా ముసలివారవడం గురించి అంతకుముందు ఇరవై ఏళ్లలో అక్కడ పోగైన కొలతలన్నీ మగవారివే.