టెస్ట్ కమాండ్: షెల్ స్క్రిప్టులలో ఫైలు ఉనికి పరీక్ష

ఒక ఫైలు గానీ డైరెక్టరీ గానీ ఉందో లేదో తెలుసుకోవడానికి యూనిక్స్ కుటుంబపు షెల్ స్క్రిప్టులు వాడే ప్రధాన సాధనం టెస్ట్ కమాండ్. ఎడమ చదరపు బ్రాకెట్టు కూడా దీని పేరే. ఇది తెరమీద ఏమీ చూపదు. జవాబు ఔనంటే 0, కాదంటే 1, ప్రశ్న అడిగిన తీరే తప్పయితే అంతకంటే పెద్ద అంకె ఎగ్జిట్ స్టేటస్‌గా ఇస్తుంది. స్క్రిప్టులోని ఇఫ్ అనే షరతు వాక్యం ఆ అంకెను చూసి దారి ఎంచుకుంటుంది. ఇంత చిన్న సాధనంలో "ఈ పేరుతో అసలేదైనా ఉందా?" అన్న అతి మామూలు ప్రశ్నకు ప్రమాణాలలో చోటు దక్కడానికి రెండు దశాబ్దాలు పట్టడం విచిత్రమే.

బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ 1971లో రాసిన తొలి షెల్‌లో ఇఫ్ అంతర్భాగం కాదు, విడి ప్రోగ్రాము. 1975 నాటి యూనిక్స్ ఆరవ ఎడిషన్‌లో ఆ ప్రోగ్రామే ఫైలును చదవవచ్చా (-ఆర్), అందులో రాయవచ్చా (-డబ్ల్యూ) అని చూసేది. కాదని జవాబొస్తే ఫైలే లేదా, ఉన్నా అనుమతి లేదా అన్నది తేలేది కాదు.

1979లో ఏడవ ఎడిషన్‌తో పాటు స్టీఫెన్ బోర్న్ షెల్ వచ్చింది. ఇఫ్ షెల్ వ్యాకరణంలో కలిసింది. పరీక్షించే పని టెస్ట్ అనే ప్రత్యేక ప్రోగ్రాముకు వెళ్లింది. తనను బ్రాకెట్టు పేరుతో పిలిచారని గమనిస్తే చివర కుడి బ్రాకెట్టు ఉండి తీరాలని అది పట్టుబట్టేది. బ్రాకెట్టు విరామ చిహ్నం కాదు, కమాండ్. అందుకే దాని పక్కన ఖాళీ వదలకపోతే నేటికీ స్క్రిప్టు పనిచేయదు. డైరెక్టరీకి -డి, ఖాళీ కాని ఫైలుకు -ఎస్ అప్పటివే. -ఎఫ్‌కు మాత్రం ఆనాడు "ఉంది, డైరెక్టరీ కాదు" అనే అర్థం. కనుక డివైస్ ఫైళ్లూ అందులో నెగ్గేవి.

కేవల ఉనికిని అడిగే -ఈ ఆప్షన్ బర్కిలీలో బిల్ జాయ్ రాసిన సీ షెల్‌లో ఉండేది. కార్న్ షెల్ అదే పనికి -ఏ వాడింది. యూనిక్స్ తరహా వ్యవస్థల ఉమ్మడి ప్రమాణం పాజిక్స్. 1992 నాటి దాని షెల్ ప్రమాణానికి తొలి ముసాయిదాలో -ఏనే పెట్టారు. కానీ రెండు షరతులను "మరియు"తో కలిపే గుర్తు కూడా -ఏనే కావడంతో జనం తికమకపడతారని -ఈకి మారారు. ఫైలును తెరవకుండా దాని ఉనికి తెలుసుకునే మార్గం స్క్రిప్టుకు ఇదొక్కటేనని ప్రమాణపు వివరణ చెబుతుంది. -ఎఫ్ సాధారణ ఫైళ్లకే పరిమితమైంది. అయినా సొలారిస్ 10లోని పాత బోర్న్ షెల్‌కు -ఈ తెలియదు. అన్నిచోట్లా నడవాల్సిన స్క్రిప్టులు రాసేవారు చాలాకాలం దాని జోలికి పోలేదు. కలిపే గుర్తుగా మిగిలిన -ఏను, దాని జోడు -ఓను 2024 పాజిక్స్ ప్రమాణం తొలగించింది.

ఈ కమాండ్‌లో అసలు ఉచ్చు ఆప్షన్లలో లేదు, కొటేషన్ గుర్తుల్లో ఉంది. ఖాళీగా ఉన్న వేరియబుల్‌ను కొటేషన్లు లేకుండా -డి పక్కన రాస్తే షెల్ దాన్ని పూర్తిగా మాయం చేస్తుంది. టెస్ట్‌కు అందేది -డి అనే ఒక్క మాట. ఒకే మాట వస్తే అది ఖాళీ కాదా అని మాత్రమే చూడాలన్నది నియమం. కాబట్టి లేని డైరెక్టరీ "ఉంది" అని జవాబొస్తుంది. ఆ తర్వాతి వరుసలో ఫైళ్లను చెరిపే కమాండ్ ఉంటే ఏమవుతుందో ఊహించవచ్చు. కార్న్ షెల్ నుంచి బ్యాష్‌కు వచ్చిన జంట బ్రాకెట్లు వేరియబుల్‌ను ముక్కలు చేయవు గనుక అక్కడ ఈ బాధ లేదు. అవి పాజిక్స్‌లో లేవు.

సింబాలిక్ లింకుల సంగతి వేరు. 1983లో 4.2 బీఎస్‌డీతో అవి వచ్చాక ఉనికికే రెండు అర్థాలు ఏర్పడ్డాయి. -ఈ లింకు చూపే చోటికి వెళ్లి చూస్తుంది. అక్కడేమీ లేకపోతే, లింకు కళ్లెదుటే ఉన్నా, లేదంటుంది. లింకునే చూడాలంటే పెద్ద ఎల్ లేదా చిన్న హెచ్ వాడాలి.

పరీక్షకూ వాడకానికీ మధ్య మరో ప్రోగ్రాము ఆ ఫైలును తీసేయవచ్చు, కొత్తగా సృష్టించనూవచ్చు. అందుకే ఒకేసారి రెండు ప్రోగ్రాములు ఒకే పని చేయకుండా తాళం వేయాల్సిన చోట అనుభవజ్ఞులు ముందు పరీక్షించరు, నేరుగా ఎమ్‌కేడీఐఆర్‌తో డైరెక్టరీ సృష్టించబోతారు. అప్పటికే ఆ పేరు ఉంటే కమాండ్ విఫలమవుతుంది. తనిఖీ, సృష్టి కెర్నల్‌లో ఒకే అడుగుగా జరిగిపోతాయి.