కోల్‌బెల్ట్‌లో కనపడని అక్షరం

మొన్న దసరాకి మందమర్రి వెళ్ళాను. జమ్మి పంచుకుని ఇంటికొచ్చి కూర్చున్నామో లేదో, మా బామ్మర్ది లాప్‌టాప్ తెచ్చి ముందు పెట్టాడు. "బావా, మనూరి పేరు మీద తెలుగులనే వెబ్ అడ్రస్ పెడ్తే ఎట్లుంటది?"

వాడు అనుకున్న పేరు: మందమర్రి-కోల్‌బెల్ట్.భారత్. సింగరేణి ఊళ్ళో పుట్టినవాడికి ఇంతకంటే మంచి పేరేం దొరుకుతుంది! "పెట్టొచ్చురా" అనబోయి ఆగిపోయాను. ఆ పేరులో కంటికి కనపడని అక్షరం ఒకటుంది. ఒకప్పుడు అదే నా కొంప ముంచింది.

కథ మొదట్నుంచీ చెప్పాలి. ఆర్పానెట్ రోజుల్లో కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఫైల్లో ఉండేవి. 1983లో పాల్ మోకపెట్రిస్ డీఎన్ఎస్ తెచ్చాడు. 1985లో ఆర్‌ఎఫ్‌సీ 952 ప్రకారం హోస్ట్ పేరు 24 అక్షరాలు దాటకూడదు, ఇంగ్లీషు అక్షరంతోనే మొదలవ్వాలి. 1989లో ఆర్‌ఎఫ్‌సీ 1123 వచ్చి అంకెతో మొదలైనా పర్లేదంది. అంటే 1985 రూల్ చూసి రెగెక్స్ రాసినవాడి కోడు నాలుగేళ్ళకే తప్పయిపోయింది.

2003లో మన భాషల వంతు వచ్చింది. డీఎన్ఎస్‌ని ముట్టుకోకుండా, తెలుగు పేరుని ప్యూనీకోడ్‌తో ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చి పంపడం అనే పద్ధతి. బానే ఉంది. కానీ మార్చేముందు కొన్ని అక్షరాల్ని తీసిపారేసేవాళ్ళు. అందులో జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒకటి. 'కోల్‌బెల్ట్'లో బ వత్తుగా మారి ల కిందకి పోకుండా ఆపేది అదే. అది పోతే 'కోల్బెల్ట్' అవుతుంది!

2010లో కొత్త రూల్స్ వచ్చాయి. పొల్లు తర్వాత వస్తే ఆ అక్షరాన్ని ఉంచొచ్చన్నాయి. దాంతో అవి రెండూ వేర్వేరు పేర్లయ్యాయి. తెలుగు .భారత్ 2011లో రూట్‌లోకి చేరింది. కానీ బ్రౌజర్లన్నీ ఒకేసారి మారలేదు. క్రోమ్ 2023లో 110వ వెర్షన్‌తో గానీ మారలేదు. ఈ మధ్యకాలంలో ఒకే అడ్రస్ ఒక బ్రౌజర్లో ఒక చోటికి, ఇంకోదాంట్లో ఇంకో చోటికి వెళ్ళే ప్రమాదం ఉండేది.

ఇక నా నిర్వాకం. ఒక కంపెనీలో లింకుల్ని వడగట్టే కోడు రాశాను. నిషేధించిన హోస్ట్ పేర్ల జాబితాతో లింకులో పేరుని ఉన్నదున్నట్టు పోల్చాను. టెస్టింగ్‌లో ఒకమ్మాయి పేరు మధ్యలో ఈ కనపడని అక్షరం ఇరికించింది. నా కోడు 'జాబితాలో లేదు' అని వదిలేసింది. కనెక్షన్ తెరిచే లైబ్రరీ మాత్రం ఆ అక్షరాన్ని తీసేసి, తిన్నగా నిషేధించిన చోటికే వెళ్ళింది. చూసేవాడొకడు, వెళ్ళేవాడొకడు అయితే ఇంతే మరి.

మా నాన్న బాయి దిగేముందు ల్యాంప్ రూములో నంబరు చెప్పేవాడు. పేరు ఎవరెలా రాసుకున్నా నంబరొక్కటే. హోస్ట్ పేరుకి ఆ నంబరు లాంటిది ప్యూనీకోడ్ రూపం. అడ్రస్‌ని ఒక్కసారే, మంచి లైబ్రరీతో విడగొట్టండి. పేరుని ఒక్కసారే మార్చండి. మారిన రూపాన్నే పోల్చండి, కనెక్షన్‌కి కూడా దాన్నే ఇవ్వండి. సొంత రెగెక్స్ ముచ్చట వద్దు.

బామ్మర్దికి మాత్రం ఇదంతా చెప్పలేదు. "కోల్‌కీ బెల్ట్‌కీ మధ్య గీత పెట్టెయ్‌రా" అన్నాను. "గంతేనా!" అన్నాడు. ఆ గంత నేర్చుకోవడానికి నాకు రెండు రాత్రుల నిద్ర పోయిందని వాడికేం తెలుసు.