మనిషి కూడా బరువే: సింగపూర్‌లో ముసలివాళ్ల సేవ, మన నడుము, చట్టం నడిచిన దారి

మన ఊళ్లో సిమెంటు బస్తా 50 కిలోలు. రోజంతా ఒక్కడే బస్తాలు మోస్తే నడుము పోతుందని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. మరి 60 కిలోల ముసలాయనను మంచం మీంచి వీల్‌చెయిర్‌లోకి, అక్కణ్నించి కమోడ్ మీదికి, మళ్లీ మంచం మీదికి రోజుకు ఎన్నోసార్లు మార్చే మనిషి నడుము సంగతేంటి? బస్తా భయపడదు. మనిషి భయపడి మన మెడ పట్టుకుంటాడు, కాలు జారి మన మీదే పడతాడు, మతిమరుపు జబ్బు ఉంటే ఒక్కోసారి చెయ్యి కూడా చేసుకుంటాడు. అయినా "బరువు" అనే మాటలో మనిషిని చేర్చడానికి చట్టాలకు చాలా ఏళ్లు పట్టింది. ఆ కథ మనకు తెలిసి ఉండాలి.

పుణ్యంగా మొదలైన పని

లిటిల్ ఇండియా నుంచి సెరంగూన్ రోడ్డు మీద ముందుకు వెళితే క్వాంగ్ వాయ్ షియు హాస్పిటల్ కనిపిస్తుంది. చైనా నుంచి పొట్టకూటికి వచ్చిన పేదల కోసం 1910లో పెట్టిన ధర్మాసుపత్రి అది. ఇప్పుడు పెద్ద నర్సింగ్ హోమ్‌గా నడుస్తోంది. 1935లో లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ అనే క్రైస్తవ సన్యాసినులు వచ్చి దిక్కులేని వృద్ధులను చూసుకోవడం మొదలుపెట్టారు. ఇలా ముసలివాళ్లను చూసుకోవడం ఇక్కడ దానధర్మంగా, సేవగా మొదలైంది. సేవ చేసేవాళ్లు "నా నడుము నొప్పి" అంటే బాగుండదనే అలవాటు కూడా దానితోనే వచ్చింది. మన ఇళ్లలోనూ అంతే కదా, మంచాన పడ్డ అత్తగారిని ఎత్తే కోడలి నడుము గురించి ఎవరు అడిగారు?

ఇప్పుడు అది జీతానికి చేసే పెద్ద పని. 2024 నాటికి సింగపూర్ పౌరుల్లో దాదాపు ఐదుగురిలో ఒకరు 65 ఏళ్లు దాటినవాళ్లే. 2030కి నలుగురిలో ఒకరు అవుతారని ప్రభుత్వ అంచనా. వాళ్లను చూసుకునే చేతుల్లో ఎక్కువ ఫిలిప్పీన్స్, మయన్మార్, శ్రీలంక, ఇండియా నుంచి వచ్చినవే. అందులో మన తెలుగువాళ్లూ ఉన్నారు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిన చట్టం

సింగపూర్‌లో 1973 నాటి ఫ్యాక్టరీల చట్టం పేరుకు తగ్గట్టే ఫ్యాక్టరీలు, షిప్‌యార్డులు, కట్టడం సైట్లను చూసుకుంది. 1978 అక్టోబరు 12న జురాంగ్ షిప్‌యార్డ్‌లో స్పైరోస్ ఓడ పేలి 76 మంది చనిపోయారు. ప్రమాదం అంటే నిప్పు, పేలుడు, కూలిన క్రేన్ అని అందరి మనసులో ముద్ర పడింది. ఒక్క చప్పుడు కూడా లేకుండా అరిగిపోయే నడుము ఎవరి లెక్కలోకీ రాలేదు.

బయటి ప్రపంచంలోనూ దారి అంతే మెల్లగా సాగింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో బరువుల మీద 127వ ఒప్పందం చేసింది. దాంతో వచ్చిన సిఫారసు మగ కార్మికుడికి 55 కిలోలను హద్దుగా పెట్టింది. ఆలోచనంతా మూటల గురించే. 1992లో బ్రిటన్ చేసిన నిబంధనల్లో మాత్రం, బరువు అంటే మనిషి కూడా, జంతువు కూడా అని స్పష్టంగా రాశారు. 1998లో ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో నర్సుల యూనియన్ ఇంకో అడుగు వేసింది. రోగిని చేతులతో ఎత్తే పద్ధతే పోవాలి, హాయిస్ట్, స్లైడ్ షీట్ లాంటివి వాడాలి అని పట్టుబట్టింది. "సరిగ్గా వంగడం నేర్చుకో" అనే మాట నుంచి "ఎత్తించకండి" అనే మాటకు రావడం చిన్న మార్పు కాదు. అంతవరకు తప్పు కార్మికుడి ఒంట్లో వెతికారు, ఇప్పుడు పని పద్ధతిలో వెతకడం మొదలైంది.

చేతులు కాలాక

2003లో సార్స్ వచ్చింది. సింగపూర్‌లో 238 మందికి సోకి 33 మంది పోయారు. సోకినవాళ్లలో సుమారు 40 శాతం ఆరోగ్య రంగంలో పని చేసేవాళ్లే. 2004 ఏప్రిల్ 20న నికోల్ హైవే కుంగిపోయి నలుగురు, మే నెలలో షిప్‌యార్డ్‌లో ట్యాంకర్ అంటుకుని ఏడుగురు చనిపోయారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, 2004 ప్రమాదాల తర్వాత చట్టం మారింది.

2006 మార్చి 1న వర్క్‌ప్లేస్ సేఫ్టీ అండ్ హెల్త్ చట్టం అమల్లోకి వచ్చింది. ప్రమాదం జరిగాక శిక్షించడం కాదు, ముందే ముప్పును లెక్కగట్టి తగ్గించే బాధ్యత యజమానిది అన్నది దీని సారం. మొదట్లో ఇది కూడా ఆసుపత్రుల దాకా రాలేదు. 2008 మార్చి 1న ఆరోగ్య రంగం, 2011 సెప్టెంబరు 1న అన్ని పనిచోట్లూ దీని కిందికి వచ్చాయి. 2008 ఏప్రిల్ 1న పాత వర్క్‌మెన్ పరిహార చట్టం మారి, జీతం ఎంతైనా, ఏ పనైనా దాదాపు ఉద్యోగులందరికీ గాయం పరిహారం వర్తించింది. 2020 సెప్టెంబరు 1 నుంచి పనిలో తగిలిన దెబ్బకు ఎంసీ గానీ, లైట్ డ్యూటీ గానీ ఒక్క రోజు ఇచ్చినా యజమాని మినిస్ట్రీకి రిపోర్టు చెయ్యాలి.

ఇంకా బయట ఉన్నవాళ్లు

ఇళ్లల్లో ఉండి అమ్మమ్మను, తాతయ్యను చూసుకునే మన అక్కాచెల్లెళ్లు ఈ పరిహార చట్టంలో లేరు. నర్సింగ్ హోమ్‌లో చేసే పనే ఇంట్లోనూ చేస్తారు, అదీ ఒంటరిగా, హాయిస్ట్ లేకుండా. వాళ్లకు ఉన్నది యజమాని తీసే ప్రమాద బీమా, కనీసం 60,000 డాలర్లు. ఎత్తీ ఎత్తీ మెల్లగా అరిగే నడుముకు అది అక్కరకు రావడం కష్టం. వైద్యం ఖర్చు మాత్రం యజమానే పెట్టుకోవాలి, అది పర్మిట్ షరతు. చట్టం నడవాల్సిన దారి ఇంకా మిగిలే ఉంది.

మన చేతిలో ఉన్నది

నొప్పి చెబితే ఇంటికి పంపేస్తారని చాలామంది పెయిన్ ప్యాచ్ వేసుకుని డ్యూటీకి వెళ్తున్నారు. భయం అర్థమవుతుంది, ఊళ్లో అప్పు ఉంది. కానీ దాచిన నొప్పికి రుజువు ఉండదు. నడుము పట్టేసిన రోజే సూపర్‌వైజర్‌కు మెసేజ్ పెట్టండి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరిని మారుస్తుండగా అన్నది రాసుకోండి. డాక్టర్‌కు "పనిలోనే అయింది" అని కచ్చితంగా చెప్పండి. ప్రమాదం జరిగిన ఏడాదిలోపు క్లెయిమ్ వెయ్యాలి. యజమాని తప్పు ఉందని నిరూపించక్కర్లేదు, లాయర్ అవసరం లేదు, పర్మిట్ రద్దయినా హక్కు పోదు. హాయిస్ట్ ఉండి తాళం వేసి ఉంటే తాళం అడగండి. ఇద్దరు ఎత్తాల్సిన మనిషిని ఒక్కరే ఎత్తమంటే రెండో మనిషిని పిలవండి.

దానివల్ల మేలు మనకే కాదు. మన చెయ్యి జారితే ముందు కింద పడేది ఆ ముసలాయనే.